సర్టిఫికెట్ ఇచ్చి పంపేయకు, అమ్మలూ

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకూ నర్సులకూ కౌన్సెలర్లకూ డిప్రెషన్, యాంగ్జైటీలకు సీబీటీ, అదే ఆలోచననీ నడవడికనీ మార్చే మాటల వైద్యం, నేర్పే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూ చెబుతూ సంతోషంతో ఏడ్చేసింది. నాకూ కడుపు నిండిపోయింది. ఐదు రోజుల వర్క్‌షాపట, ఆఖరిరోజు సర్టిఫికెట్లట. ఆ తర్వాతేమిటే అంటే, "ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోతారు కదక్కా" అంది. ఇక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హాలు, ప్రొజెక్టర్, తెలుగులో హ్యాండవుట్లు నువ్వే చూసుకోగలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లెక్చర్ పెట్టకు, రోల్‌ప్లే పెట్టు. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు.

చాలా ఏళ్ల కిందట ఒకచోట ఇలాగే వర్క్‌షాప్ పెట్టి అందరినీ పంపేశారు. ఏడాది గడిచాక, పేషెంట్లు ఒకటి రెండు సిట్టింగులకే ఎందుకు మానేస్తున్నారో చూడమని నన్ను పిలిచారు. పేషెంట్ల అనుమతితో రికార్డు చేసిన సెషన్లు కొన్ని వినిపించారు. మొదటిది ఒక కుర్ర డాక్టరుది. వర్క్‌షాప్ పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు అతనివేనట. బ్రిటిష్ సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో ప్రచురించిన ప్యానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే విపరీతమైన భయం) నమూనా అతనికి కంఠతా వచ్చు. గుండె దడదడలాడితే చచ్చిపోతున్నానని మనిషి అనుకోవడం, ఆ భయానికి దడ ఇంకా పెరగడం, దాంతో చావు ఖాయమనుకోవడం, అంతా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పగలడు.

రికార్డింగులో ఒకావిడ, బస్టాండులో ఒకసారి గుండెదడ వచ్చిన దగ్గర్నుంచి బస్సెక్కడం మానేసింది. "ఆగిపోతుందేమోనండీ" అంది. "ఈసీజీ బాగానే ఉంది కదమ్మా, ఏం కాదు" అన్నాడు. ఆవిడ మళ్లీ అదే అంది. అతను మళ్లీ అదే అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పి, హ్యాండ్‌బ్యాగులో నీళ్ల సీసా, ఒక మాత్ర ఎప్పుడూ ఉంచుకోమన్నాడు. బస్సులో వెళ్లాల్సొస్తే మీవారిని తోడు తీసుకెళ్లండి అన్నాడు. గొంతులో ఎంత ఆప్యాయతో! కానీ చూడు, ఆవిడ రేపు బస్సు దిగి ఏమనుకుంటుంది? మాత్ర ఉండబట్టి బతికాను, ఆయన పక్కన ఉండబట్టి బతికాను అనుకుంటుంది. భయం అలాగే ఉండిపోయింది, పైగా దానికి కాపలా పెట్టి పంపించాం.

చేయాల్సింది వేరు. గుండెజబ్బు, ఉబ్బసం, గర్భం లాంటివి లేవని ముందు చూసుకుని, ఆ గదిలోనే ఆవిడతో పాటు తనూ ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలాలి. దడ వస్తుంది, తల తిరుగుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు అడగాలి, "ఆగిందా అమ్మా?" అని. తర్వాత సీసా లేకుండా, మాత్ర లేకుండా, ఒంటరిగా బస్సులో ఒక్క స్టాపు. మర్నాడు రెండు స్టాపులు.

అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రికార్డింగు వేశాను. మాత్ర మాట రాగానే తనే ఆపేశాడు. "ఇది నేనన్నానా మేడమ్?" అని చెయ్యి తలకి పెట్టుకున్నాడు. భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడం మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఐదు రోజుల్లో పోతుందా? ఏడాది పొడుగునా అతని సెషన్ ఒక్కటంటే ఒక్కటి విన్నవాళ్లు లేరు. అతన్ని నేనేమీ అనలేదు. ఆ కార్యక్రమం నడిపినవాళ్ల మీద మాత్రం నా కోపం ఇవాళ్టికీ తగ్గలేదు.

ఇంగ్లండులో అదే క్లార్క్, ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ కలిసి 2008లో దేశమంతటికీ థెరపీ సేవలు మొదలుపెట్టించారు కదా. అక్కడ పూర్తిస్థాయి సీబీటీ నేర్చుకునేవాళ్లు వారంలో రెండు రోజులు క్లాసులో, మూడు రోజులు పేషెంట్ల దగ్గర ఉంటారు, అనుభవమున్నవాళ్లు వాళ్ల సెషన్లు చూసి సరిదిద్దే సూపర్విజన్ ఆగదు. అంత డబ్బు మనకెక్కడిది అంటావేమో, గోవా చూడు. 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్‌లో డిప్రెషన్‌కి ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేసింది మామూలు కౌన్సెలర్లే, ఏ మానసిక వైద్యం డిగ్రీ లేనివాళ్లు. ఒకరి రికార్డింగులు ఒకరు విని, మార్కులు వేసుకుని, మాట్లాడుకునేవాళ్లు. వర్క్‌షాప్ మూడు రోజులకి కుదించైనా సరే, ఆ మిగిలిన డబ్బుతో ఆరు నెలలు వారం వారం వినే ఏర్పాటు చెయ్యి. పేషెంటు రాతపూర్వక అనుమతి లేనిదే రికార్డింగు వద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గోప్యతని పేషెంటు హక్కుగా రాసింది.

ఇంకొకటి, దీన్ని తలుచుకుంటేనే నాకు గుండె గుభేలుమంటుంది. డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నల కాగితం పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండుననో, ఒంటికి హాని చేసుకోవాలనో అనిపించిందా అని. మనవాళ్లు దాన్ని రేషన్ కార్డు వివరాల్లా గబగబా చదివి సున్నా వేసేస్తారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయం, పోలీసు కేసవుతుందని భయం. అడిగినంత మాత్రాన పుట్టదని చెప్పు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని ఆ చట్టంలోనే 115వ సెక్షన్ ఉంది, అది చదివి వినిపించు. ఒక పూటంతా ఈ ఒక్క ప్రశ్నకే ఇయ్యి. కాగితం వంక చూడకుండా పేషెంటు మొహం చూసి అడగడం, "అనిపించిందండీ" అన్నాక తడబడకుండా తర్వాతి ప్రశ్న వేయడం, ఇంట్లో పురుగులమందు ఉందా అని అడగడం, ప్రతి ఒక్కరిచేతా చేయించు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు వాళ్ల నోటికి రావాలి. మొహమాటపడేవాళ్లని వదలకు. నన్ను రాక్షసి అనుకునేవాళ్లు, నువ్వూ అనిపించుకో.

నీ సంగతి. పదిమంది చేసిన సెషన్లు వింటే పదిమంది పేషెంట్ల కష్టాలూ నీ మీద పడతాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడే కళ్లకింద నల్లగా ఉంది నీకు. అడిగితే నవ్వేశావు. నీ పనిని వినే మనిషి నీకూ ఉండాలి, నీకంతా తెలుసని మురిసిపోకు తల్లీ. టైమ్‌టేబుల్ వేయగానే నాకు పంపు. అందులో నీ సూపర్విజన్‌కి గంట కనబడకపోతే ఊరుకోను. ఎవరూ దొరక్కపోతే శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి, పేషెంట్ల పేర్లు చెప్పకుండా మాట్లాడుకుందాం. టిఫిన్ తినే చెయ్యి.

మీ పెద్దమ్మ