సందేహాలు – సమాధానాలు: వాయువేగం ఎవరి వేగం?

సందేహం: విమానంలో వేగం చూపే పరికరం మీద కనిపించే ‘ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్’ను ఒకచోట ‘సూచించబడిన వాయువేగం’ అని రాశారు. ఫ్రెంచివారు ‘వితెస్ ఎందికే’ అంటారట, అందులో గాలి మాటే లేదు. ఏది ఒప్పు? విమానం అసలు వేగం అదేనా?

సమాధానం: ‘సూచిత’ అనే చక్కని మాట చేతిలో ఉండగా ‘సూచించబడిన’ ఎందుకండీ? ఈ ‘బడు’ బెడద పత్రికల్లో ఎప్పటికి వదులుతుందో!

అసలు చిక్కు ‘వాయువేగం’తో. అది షష్ఠీ తత్పురుషం, గాలి యొక్క వేగం. తుఫాను రోజున వార్తల్లో చెప్పేది అదే. హనుమంతుణ్ణి ‘మారుతతుల్యవేగం’ అని స్మరిస్తాం. అయితే గాలివాటున గాలంత వేగంతోనే కొట్టుకుపోయే బెలూన్‌కు ఎయిర్‌స్పీడ్ సున్నా! ఎయిర్‌స్పీడ్ అంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చితే విమానానికుండే వేగం. అది గాలిది కాదు.

ఫ్రెంచివారు ఈ మెలిక తప్పించుకున్నారు. ‘వితెస్ ఎందికే’ అంటే సూచిత వేగం, అంతే. గాలిలో అసలు వేగం ‘వితెస్ ప్రోప్ర్’, అంటే సొంత వేగం. ఎంత ముచ్చటైన మాట! నేలతో పోల్చిన వేగం ‘వితెస్ సోల్’.

ఇక ఆ వేగం చూపే పరికరాన్ని వాళ్లు ‘బదెఁ’ అంటారు. మనం రాతలో వదిలేసిన అరసున్న ఇక్కడ పనికొచ్చింది, ముక్కుతో పలకండి. రౌల్ బదెఁ అనే ఇంజనీరు 1910ల తొలినాళ్లలో ఇలాంటి పరికరం చేస్తే, ఆయన ఇంటిపేరే దానికి నిలిచింది. అదే మాటకు ఫ్రెంచిలో ‘చిలిపి’ అనే అర్థమూ ఉంది. దాని మూలం దక్షిణ ఫ్రాన్సు భాషలోని ‘బదార్’, నోరు తెరుచుకుని చూడటం. పరికరానికి గాలి ఒత్తిడిని అందించే పీతో గొట్టాన్ని చూడండి. చూపుడువేలంత గొట్టం, ఎదురుగాలికి నోరు తెరుచుకుని ఉంటుంది! కేవలం కాకతాళీయమే, కానీ ఇలాంటివి తారసపడితే నాకు ఆ పూటకు అన్నం అక్కర్లేదు. 1732లో ఆన్రీ పీతో ఇలాంటి గొట్టంతోనే సేన్ నది ప్రవాహాన్ని కొలిచాడు.

మీ రెండో ప్రశ్నకు జవాబు: కాదు. గొట్టంలో పడేది ఒత్తిడి, దాన్నే ముల్లు వేగంగా చూపుతుంది. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 12 కిలోమీటర్ల ఎత్తున సాంద్రత నేల దగ్గరి దానిలో నాలుగో వంతు. ఈ ఒత్తిడి సాంద్రతతో పాటు వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ముల్లు చూపేది అసలు వేగంలో సుమారు సగమే. అయినా పైలట్ దాన్నే నమ్ముకుంటాడు. రెక్కల్ని మోసేదీ ఆ ఒత్తిడే కదా.

నేనైతే ‘సూచిత వేగం’ అంటాను. గాలి మాట ఉండి తీరాలంటే ‘గాలిలో సూచిత వేగం’ అనండి. ‘వాయువేగం’ అని చదువుకున్న పిల్లలు పరీక్షలో అదే రాస్తే మాత్రం మార్కులు కోయకండి.