ఆడడు గానీ ఆట లెక్కలు రాస్తాడు, మా వాడేమవుతాడు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. చెనక్కాయల వ్యాపారం. మా అబ్బాయి అనంతపురంలో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిన్నరగా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ వెంట తిరుగుతున్నాడు. ఆడటానికైనా కాదు, పక్కన కూర్చొని నోటుబుక్కులో లెక్కలు రాయడానికి. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఏడాది స్పోర్ట్స్ అనలిటిక్స్ కోర్సు చేస్తాడట. ఫీజు లక్షా ఎనభై వేలు. ఇప్పుడే పదివేలు కట్టి సీటు రిజర్వు చేసుకోమంటున్నారు. మా తోడల్లుడి కొడుకులాగా ఎంసీఏ చేయమని నేనంటున్నాను. లెక్చరరు గారేమో ఎమ్మెస్సీ అంటున్నారు. మూడింటిలో ఏది మేలు? వాడికి తెలియకుండా నోటుబుక్కు ఫోటోలు తీసి నాలుగు పేజీలు పంపుతున్నాను. ఈ లెక్కలు ఎక్కడికి దారి తీస్తాయోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆఖరి వాక్యం. మీరు బెట్టింగ్ అన్న మాట ఎక్కడా రాయలేదు. ఐపీఎల్ రోజుల్లో నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఉంటాయి. పందేల్లో పొలం పోగొట్టుకున్న ఇళ్లు నేనూ చూశాను, కాబట్టి మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ పేజీలు రెండుసార్లు చదివాను. పందెం కాసేవాడి పుస్తకంలో రేట్లుంటాయి, బాకీలుంటాయి, పేర్ల పక్కన రూపాయలుంటాయి. మీ వాడి పుస్తకంలో ఉన్నది సొంత కాలేజీ టీమ్ ఎన్నిసార్లు బంతి చేజార్చుకుందన్న లెక్క. ఇలా చేజారడాన్నే టర్నోవరంటారు. ఒక డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ టర్నోవర్ల మీద పందెం కాసేవాళ్లు మన జిల్లాలో ఉన్నారంటే నేను నమ్మను. ఈ రాత్రికి నిద్రపోండి.

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి, ఏమనుకోవద్దు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కొడుకు బ్యాగు తెరిచి దొంగచాటుగా ఫోటోలు తీశానని ఎంత మామూలుగా రాశారండీ! ఏడాదిన్నరలో ఒక్కసారైనా 'ఏం రాస్తున్నావురా' అని వాణ్ని అడిగారా? అడిగి ఉంటే పది నిమిషాల్లో వాడే చెప్పేవాడు, అదీ నాకంటే బాగా. 'ఆడటానికైనా కాదు' అన్న మాట కూడా నాకు నచ్చలేదు. మీరేమైనా చెనక్కాయ పండిస్తారా? చూసి, తూచి, ధర కడతారు. అదీ ఒక విద్యే కదా.

ఆ విద్యతోనే వాడి పేజీలు మీకు చదివి వినిపిస్తాను. నేను ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ని, అందుకే కొంచెం ఎక్కువ మాట్లాడతాను.

మొదటి పేజీలో ఒక మ్యాచ్. వీళ్ల టీమ్ 61 పాయింట్లు చేసి ఓడింది. బాస్కెట్ వైపు 58 షాట్లు వేశారు, ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రోలు 16, తప్పిన షాటును మళ్లీ తామే అందుకున్నది (రీబౌండ్) 11 సార్లు, బంతి చేజార్చుకున్నది 22 సార్లు. వీటిని కలిపి, తీసేసి, టీమ్ చేతికి బంతి వచ్చిన అవకాశాలు సుమారు 76 అని తేల్చాడు. ఇది మీ భాషలో ఎకరాల లెక్క. పది ఎకరాల్లో అరవై బస్తాలు తీసిన రైతు గొప్పా, ఆరెకరాల్లో యాభై తీసినవాడు గొప్పా? మొత్తం చూస్తే మొదటివాడు, దిగుబడి చూస్తే రెండోవాడు. అలాగే పాయింట్లను అవకాశాలతో భాగిస్తేనే టీమ్ సత్తా తెలుస్తుంది. వీళ్లకు వంద అవకాశాలకు 80 పాయింట్లు వచ్చాయి. 76లో 22 సార్లు, అంటే పదింట దాదాపు మూడుసార్లు, షాటు వేయకుండానే బంతి పోయింది. 'కోచ్ సార్ రోజూ షూటింగ్ ప్రాక్టీసే చేయిస్తున్నారు, పోతున్నది పాసుల దగ్గర' అని పేజీ అడుగున రాసుకున్నాడు. బంగారం లాంటి వాక్యమది.

ఈ పద్ధతి వాడు కనిపెట్టింది కాదు. అమెరికాలో డీన్ ఆలివర్ అనే ఆయన గెలుపు నాలుగు విషయాల మీద ఆధారపడుతుందని చెప్పాడు. షూటింగ్‌కు 40 శాతం, టర్నోవర్లకు 25, రీబౌండ్లకు 20, ఫ్రీ త్రోలకు 15 అని వాటికి తూకం కూడా వేశాడు. 2004లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ టీమ్ ఆయన్ను పనిలోకి తీసుకుంది. అక్కడి కాలేజీ టీమ్‌ల లెక్కలకు పేరుపడ్డ కెన్ పామరాయ్ వాతావరణ శాఖలో పనిచేసిన మనిషి. ఇద్దరిలో ఎవరూ స్పోర్ట్స్ అనలిటిక్స్ సర్టిఫికెట్ పట్టుకొని రాలేదు. మీ వాడికి ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పండి.

తప్పులూ ఉన్నాయి. అవకాశాల లెక్కలో ఒక్కో ఫ్రీ త్రోను 0.44 అవకాశంగా కట్టాడు. ఆ సంఖ్య అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌ది. అక్కడి కాలేజీ ఆటకే పామరాయ్ 0.475 వాడతాడు. మన పిల్లలు ఆడేది అంతర్జాతీయ నిబంధనలతో, 24 సెకన్ల గడియారంతో, అంటే బంతి చేతికొచ్చాక అంతలోపు షాటు వేయాలి. అమెరికా కాలేజీ మగపిల్లల ఆటలో అది 30 సెకన్లు. కాబట్టి వాడు మ్యాచ్ వీడియో పెట్టుకొని సొంతంగా లెక్కించి తన సంఖ్య తానే తేల్చుకోవాలి.

రెండో తప్పు మీకు ఇట్టే అర్థమవుతుంది. కెప్టెన్ 20 ఫ్రీ త్రోలలో 14 వేశాడు, ఇంకో కుర్రాడు 12. కాబట్టి కెప్టెన్ మెరుగని రాశాడు. ఒక్క బస్తా మూతి విప్పి పైనున్న గుప్పెడు కాయలు చూసి లారీ లోడు కొంటారా మీరు? ఇరవై షాట్లలో 70 శాతం అంటే అసలు సత్తా 50కీ 90కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ ఇద్దరికీ తేడా ఉందో లేదో ఇరవై షాట్లతో తేలదు.

మూడోది, 'వరుసగా మూడు పడ్డాయి, వాడి చేయి వేడి మీద ఉంది' అన్న రాత. ఆటగాళ్లంతా నమ్మే మాటే ఇది. 1985లో గిలోవిచ్, వాలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు కార్నెల్ యూనివర్సిటీ టీమ్ పిల్లలతో కూడా షాట్లు వేయించి చూసి, అదంతా భ్రమేనన్నారు. ముప్పై ఏళ్లకు పైగా క్లాసుల్లో మేం అదే చెప్పాం. 2018లో మిల్లర్, సాన్‌హుర్హో అనే ఇద్దరు ఆ లెక్కింపులోనే ఒక మెలిక ఉందని చూపించారు. కావాలంటే మీ వాణ్నే చేసి చూడమనండి. మూడుసార్లు నాణెం ఎగరేస్తే వచ్చే ఎనిమిది వరుసలూ రాసి, ఒక్కో వరుసలో బొమ్మ తర్వాత మళ్లీ బొమ్మ పడిన భాగమెంతో కట్టాలి. ఆ ప్రశ్నకే తావు లేని రెండు వరుసలు పక్కన పెట్టి, మిగతా ఆరింటికి సగటు తీయాలి. సగం రావాలి కదా? రాదు. పన్నెండింట ఐదు వస్తుంది. అంటే వేడి చేయి నిజంగా ఉన్నా ఆ లెక్కలో కనపడకుండా పోయే వీలుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పెన్ను పడేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇలాంటివి తెలియాలంటే ప్రాబబిలిటీ కూర్చొని చదవాలి. ఏడాది కోర్సులో రంగురంగుల గ్రాఫులు గీయడం నేర్పుతారు, గ్రాఫు ఎప్పుడు అబద్ధం చెబుతుందో నేర్పడానికి వాళ్లకు టైము ఉండదు. కొన్నేళ్ల కిందట నేనే ఒక అబ్బాయిని అలాంటి కోర్సుకు పొమ్మన్నాను. ఆటంటే పిచ్చి ఉంది, పోనీలే అనుకున్నాను. కోర్సు అయ్యాక దొరికిన పని రాత్రంతా మ్యాచ్ చూస్తూ బంతి బంతికీ ఏం జరిగిందో టైపు చేయడం. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. పైగా 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఆటల డేటాతో పని ఉన్న కంపెనీల్లో అవీ ఉండేవి. క్రికెట్‌కు ఐపీఎల్ నిలదొక్కుకున్నట్టు బాస్కెట్‌బాల్‌కు మన దేశంలో ఏ లీగూ ఇంకా నిలదొక్కుకోలేదు. బ్రోషర్లలో ఈ ముక్క ఉండదు.

కాబట్టి నా ఓటు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కే. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కష్టపడితే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎంట్రన్సుల సంగతి వాడికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఎంసీఏ చెడ్డది కాదు, కానీ మీరు దాన్ని ఎంచుకున్నది మీ తోడల్లుడి కొడుకును చూసి, మీ కొడుకును చూసి కాదు. పైథాన్, ఆర్ లాంటి కంప్యూటర్ భాషలు వాడు సెలవుల్లో నేర్చుకుంటాడు, ఆ నోటుబుక్కునే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ.

ఇక బతుకుతెరువు. ఆటల్లో ఉద్యోగం దొరక్కపోయినా ఈ చదువు వృథా పోదు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది, ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులున్నాయి, బ్యాంకులు, ఇన్సూరెన్సు, మందుల కంపెనీల ట్రయల్స్ ఉన్నాయి. బళ్లారి వైపు హడగలిలో 1920లో పుట్టిన మన తెలుగాయన, స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న సి.ఆర్. రావు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. 1941లో అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకు వచ్చింది. మీ వాడు అంతటివాడవుతాడని చెప్పడం లేదు. మొదట అనుకున్న ఉద్యోగం రాకపోతే కొంప మునగదని మాత్రం చెబుతున్నాను.

ఆ పదివేలు కట్టకండి. ఫైనల్ ఇయర్ కూడా మొదలుకాని పిల్లాడికి సీటు రిజర్వేషనేమిటి? కట్టేసి ఉంటే రసీదు పట్టుకొని రేపే వాపసు అడగండి.

ఫోటోలు తీసిన సంగతి మీరే వాడికి చెప్పండి, ఈ జవాబు చూపించక ముందే. నాలుగో పేజీ మూల వచ్చే నెల మ్యాచ్ తేదీ రాసుకున్నాడు. మూడో పేజీలో కూడికలు కుదరలేదు, ఎందుకంటే షాట్లూ చేజారిన బంతులూ ఒక్కడే రాస్తున్నాడు, ఒకటి రాసేలోపు ఇంకొకటి తప్పిపోతోంది. వాడికి రెండో మనిషి కావాలి. ఆ రోజు మండీకి సెలవు పెట్టి, పెన్ను పట్టుకొని వెళ్లండి.