డిస్‌ప్లేలో 93 ఉన్నా కాఫీ రుచి మారుతుంటే సెన్సర్ మార్చాలా?

మీ ప్రశ్న: ఎస్ప్రెస్సో మెషీన్ 93 డిగ్రీలు చూపిస్తున్నా ఒక షాట్ పుల్లగా, ఇంకోటి చేదుగా వస్తోంది, టెంపరేచర్ సెన్సర్ ఎలా పనిచేస్తుంది, పోయిందా అని. నల్లగొండ నుంచి సూర్యాపేట, మిర్యాలగూడ దాకా ఈ మెషీన్ల సర్వీసు చేస్తుంటాను. నా మాట వినండి, సెన్సర్ జోలికి పోకముందు మీరు పోసే నీళ్లు చూడండి. మా వైపు సెన్సర్లు చెడిపోయేది తక్కువ, వాటి మీద సున్నం పేరుకునేది ఎక్కువ.

మిర్యాలగూడలో ఒక కేఫ్‌లో ఇదే గోల. "తమ్మీ, బోర్డు మార్పిచ్చిన. ఇగ సెన్సర్ గూడ మార్చాల్నంటున్రు" అని ఓనర్ తల పట్టుకున్నాడు. కరెంటు తీసేసి, బాయిలర్ చల్లారి ప్రెజర్ సున్నాకు దిగాక సెన్సర్ ప్రోబ్ (బాయిలర్ నీళ్లలో ఉండే కడ్డీ) విప్పాను. స్టీలు కొన కనబడితే ఒట్టు! గోరుతో గీకినా రాలని తెల్లటి గట్టి పొర. అది పీటీ100 రకం, లోపల ప్లాటినం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది: 0 డిగ్రీల దగ్గర 100 ఓంలు, 100 డిగ్రీల దగ్గర 138.5. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో కొన ముంచి మీటర్ పెడితే 138 చిల్లర చూపించింది. అంటే సెన్సర్ నిక్షేపంగా ఉంది. కానీ అక్కడికి చేరడానికి ఎంతసేపు పట్టిందో! నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి పొర వదిలించాక మళ్లీ ముంచితే అంకె పరుగెత్తింది.

రుచి మారేది అక్కడే. షాట్ తీయగానే బాయిలర్‌లోకి చల్లనీళ్లు వస్తాయి. సున్నం కింద ఉన్న సెన్సర్‌కు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, హీటర్ ఆలస్యంగా వెలుగుతుంది, తర్వాత ఆలస్యంగా ఆరుతుంది. నీళ్లు ముందు చల్లబడి కాఫీ పులుస్తుంది, ఆ తర్వాత వేడి ఎక్కువై చేదెక్కుతుంది. డిస్‌ప్లే చెప్పేది సెన్సర్ కొన దగ్గరి వేడి మాత్రమే, కాఫీ పొడి మీద పడే నీళ్లది కాదు.

ఆ కేఫ్‌లో కస్టమర్లకు తాగడానికి ఆర్‌ఓ క్యాన్, లక్షలు పెట్టి కొన్న మెషీన్‌కు మాత్రం బోరు నీళ్లు! నల్లగొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు, మెషీన్‌ను తినేది కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉండి సున్నంగా పేరుకునే ఖనిజాలు. అలాగని ఖనిజాలు పూర్తిగా తీసేసిన ఆర్‌ఓ నీళ్లు కూడా పోయకండి. కొన్ని మెషీన్లలో బాయిలర్ లెవెల్ ప్రోబ్ నీళ్లలో పారే కరెంటుతోనే మట్టం కనిపెడుతుంది. ఖనిజాలు మరీ తక్కువైతే నీళ్లున్నట్టే దానికి తెలియదు, నింపుతూనే పోతుంది. కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ఫిల్టర్ పెట్టించండి.

చెక్ చేశాక నిజంగానే సెన్సర్ పోయిందని తేలితే మార్చండి, కానీ చూడ్డానికి ఒకేలా ఉందని ఏదో ఒకటి కొనకండి. చాలా చిన్న మెషీన్లలో ఎన్‌టీసీ అనే ఇంకో రకం సెన్సర్ ఉంటుంది. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, ప్లాటినం దానికి పూర్తిగా రివర్స్. అందులోనూ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓంలది, 50ది, 100ది వేర్వేరు. తప్పు రకం పెడితే బోర్డు తప్పు లెక్క వేస్తుంది. షాపుల్లో "ఏదైనా ఒకటే సార్" అని అంటగడతారు, నమ్మొద్దు. పాతదాని మీద అంకె చెరిగిపోతే మెషీన్ మోడల్ నంబర్ చెప్పి అడగండి.