సీమంతంలో వచ్చినవాళ్ల చేత పూలదండలు చేయించాలంటే

మీ చెల్లెలి సీమంతానికి ముప్పై మంది దాకా వస్తారని, వాళ్ల చేత పూలతో ఏదైనా చేయించాలని ఉందని, కానీ మాల కట్టడం చాలామందికి రాదని రాశారు. రాకపోయినా ఫరవాలేదు, తప్పకుండా పెట్టండి. రాజమండ్రిలో మా వదిన సీమంతానికి మేమూ పెట్టాం.

కొత్తవాళ్లకు మల్లెమొగ్గలు ఇవ్వకండి. మల్లెలు కట్టడం చేతికి అలవాటయ్యేలోపు ఫంక్షన్ అయిపోతుంది. బంతి, చామంతి అయితే సూదితో గుచ్చడమే కాబట్టి ఎవరైనా చేసేస్తారు. తొడిమ పొట్టిగా తుంచి, సూదిని కాడ వైపు నుంచి పువ్వు నడిమికి పోనిస్తే రేకులు రాలవు. దారం రెండు పేటలు వేసుకుని, చివర పెద్ద ముడి వేయాలి. మనిషికి పావుకిలో బంతిపూలు ఇస్తే సుమారు రెండు మూరల దండ వస్తుంది. మేం రాజమండ్రి దగ్గరున్న కడియం ఊరి నుంచి తెచ్చుకున్నాం. మీరు హైదరాబాద్‌లో ఉంటే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి. బంతిపూల మీద నీళ్లు చల్లి మూట కట్టి ఉంచితే కుళ్లిపోతాయి, గాలి తగిలేలా పరిచి పెట్టండి.

సూదుల్లో దారం ముందు రాత్రే ఎక్కించి పెట్టుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, అప్పటికప్పుడు అందరూ సూది పట్టుకుని దారం ఎక్కించుకుంటూ కూర్చుంటే సగం ఉత్సాహం అక్కడే పోతుంది. పట్టుచీరల మీద పసర మరకలు పడకుండా ఒళ్లో పరుచుకోవడానికి పాత తువ్వాళ్లు ఇవ్వండి. చిన్నపిల్లల చేతికి సూదులు వద్దు. నేల మీద సుద్దతో పెద్ద ముగ్గు గీసి, రేకులు తుంచి నింపమనండి.

మా పెద్దమ్మ మాత్రం ఒక పక్కన కూర్చుని కనకాంబరాలు కట్టింది. తడిపిన అరటి నార ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, ఇటు రెండు పూలు, అటు రెండు పూలు పెట్టి, నార ఒక చుట్టు తిప్పి బిగించేది. కాసేపటికి కాలేజీ పిల్లలు సూదులు పక్కన పడేసి ఆవిడ చుట్టూ చేరారు. మీ బంధువుల్లో అలాంటి చెయ్యి ఒక్కటి ఉన్నా ముందే చెప్పి పిలవండి, కింద కూర్చోలేకపోతే కుర్చీ వేయండి. నేర్పేవాళ్లు ఒకరు పక్కన ఉంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

భోజనాలయ్యాక పెడితే అందరికీ నిద్ర ముంచుకొస్తుంది. వచ్చేవాళ్లు వస్తూ ఉండగానే మొదలుపెట్టండి. అప్పుడు ఆ దండలు మీ చెల్లెలు కూర్చునే కుర్చీకి, గుమ్మానికి అప్పటికప్పుడే కట్టేయొచ్చు. తన దండ ఎక్కడ వేలాడుతోందో చూసుకుని ప్రతి ఒక్కరూ మురిసిపోతారు, దాని పక్కనే నిలబడి ఫొటోలు దిగుతారు.

ఇంకో ముఖ్యమైన మాట. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి మల్లె, సంపెంగ వాసన పడదు, వికారంగా ఉంటుంది. మీ చెల్లెల్ని అడిగాకే పూలు చెప్పండి. పడకపోతే జడలోకి కనకాంబరాలు మంచివి, వాటికి వాసన ఉండదు. ఆ జడపూలు మాత్రం అక్కడ కట్టే వాటి మీద ఆధారపడకుండా, పూలమ్మే ఆవిడకు ముందురోజే నాలుగు మూరలు చెప్పి పెట్టుకోండి.