సిరప్పులకు లొంగని దగ్గు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కార్తీక మాసం వచ్చిందంటే పొడి దగ్గు మొదలై సంక్రాంతి దాటేవరకు వదలదు. పగలు బాగానే ఉంటాడు, అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుని దగ్గుతాడు. తెల్లవారితే వరుసగా తుమ్ములు. జ్వరం ఉండదు. దగ్గు సిరప్పులు, యాంటీబయాటిక్‌లు ఎన్నోసార్లు వాడాము. ఈసారి డాక్టరు గారు ఇన్‌హేలర్ రాశారు. మొదలుపెడితే జీవితాంతం మానలేమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ఇన్‌హేలర్ అలవాటుగా మారే మందు కాదు. అందులోని స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో మాత్రమే ఉండి నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది కాబట్టి, నోటి ద్వారా మింగే మాత్రలతో పోలిస్తే శరీరంలో కలిసేది చాలా తక్కువ. ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు నిలిచే గొట్టం లాంటి డబ్బా) అమర్చి పీల్పించి, వెంటనే నోరు పుక్కిలింపజేయండి. దగ్గు అదుపులో ఉంటే సాధారణంగా మూడు నెలల తర్వాత డాక్టరు మోతాదు తగ్గిస్తారు. రెండు రాత్రులు నిద్రపట్టిందని మీ అంతట మీరు ఆపకండి.

పిల్లికూతలు లేకుండా దగ్గు రూపంలోనే కనిపించే ఆస్తమా ఒకటి ఉంది. మీరు రాసిన లక్షణాలు దానికీ, ముక్కు ఎలర్జీకీ దగ్గరగా ఉన్నాయి. పరీక్షించి నిర్ధారించవలసింది డాక్టరే. ఊపిరి ఊదించి చేసే స్పైరోమెట్రీ ఈ వయసు పిల్లలు చక్కగా చేయగలరు. జ్వరం లేని ఇలాంటి దగ్గుకు యాంటీబయాటిక్‌ల వల్ల ప్రయోజనం ఉండదు.

ఇక ఇంటి సంగతి. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలతో గాలిలో తేమ పెరుగుతుంది. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని దుమ్ముపురుగులకు, గోడల మీది బూజుకు ఆ తేమే బలం. సరిగ్గా అప్పుడే ఏడాదంతా బీరువాలో మడిచి ఉంచిన రగ్గు తీసి, దులిపి, బిడ్డకు కప్పుతాము. దాన్ని ముందుగా ఉతికి ఆరబెట్టాలి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి. పాత బూరుగుదూది దిండు మార్చడం, పరుపుకు జిప్పు ఉన్న తొడుగు వేయడం మంచిది.

సంక్రాంతికి బూజు దులిపేరోజు బాబును మరో ఇంట్లో ఉంచండి. పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో తుడవండి. పడకగదిలో దోమల చుట్ట, సాంబ్రాణి పొగ వద్దు, భోగి మంట దగ్గర నిలబెట్టవద్దు. ఖాళీ స్థలాల్లో తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా కొందరికి పడదు. ఇంటి పక్కన ఉంటే పూత రాకముందే పీకించండి. పెరుగు, అరటిపండు మాన్పించే తల్లులు చాలామంది ఉన్నారు. అవి తిన్నప్పుడల్లా దగ్గు వస్తేనే తప్ప, ఎదిగే పిల్లవాడికి ఆ తిండి తగ్గించడం నాకు సమ్మతం కాదు.

బరువు తగ్గినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, దగ్గులో రక్తం పడినా ఆలస్యం చేయకండి. మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. బీపీకి రామిప్రిల్ వాడుతున్నాను. రెండు నెలలుగా గొంతులో గరగర, పొడి దగ్గు. సెట్రిజిన్‌కు తగ్గలేదు. ఎలర్జీ రక్తపరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇప్పుడే అవసరం లేదండీ. రామిప్రిల్, ఎనాలాప్రిల్ తరగతి మాత్రలు కొందరిలో ఇలాంటి పొడి దగ్గును తెస్తాయి. ఎలర్జీ మందులకు అది తగ్గదు. అలాగని మాత్ర మానేయకండి, బీపీ పెరుగుతుంది. డాక్టరును కలిసి మరో తరగతి మందుకు మార్పించుకోండి. మార్చాక దగ్గు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది, కొందరికి మూడు నెలలు పట్టవచ్చు. అయితే రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా క్షయ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. ఛాతీ ఎక్స్‌రేతో పాటు దాన్ని ఈ వారంలోనే చేయించుకోండి.