పెద్ద కొలువులు మనవాళ్లకు ఇవ్వాలని మన్రో నిజంగానే కోరాడా?

భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలని, ఈస్టిండియా కంపెనీ పాలనలో మన సీమకు కలెక్టరుగా, తర్వాత మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ మన్రో రాసిన మాటలు మనస్ఫూర్తిగా రాసినవా, పేరు కోసం రాసినవా అని మీరు అడిగారు. మనస్ఫూర్తిగా రాసినవేనని నా దృఢమైన అభిప్రాయం. రాయలసీమలో రెవెన్యూ గుమాస్తాగా చేరి అదే శాఖలో పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఆయన లేఖలను నేను కచేరీ మనిషిగానే చదివాను.

1817 ఆగస్టులో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు రాసిన లేఖ చూడండి. బ్రిటిష్ ఇండియాలో దేశీయులను పాలన నుంచి ఎంత దూరం పెట్టారో, జయించిన మరే దేశంలోనూ అంత దూరం పెట్టి ఉండరని, ఈ పద్ధతి జనాన్ని పైకి తేవడానికి బదులు దిగజారుస్తుందని అందులో స్పష్టంగా చెప్పాడు. 1821లో లండన్‌లోని రాజకీయ నాయకుడు జార్జ్ కానింగ్‌కు రాస్తూ, అధికారం, నమ్మకం, తగిన జీతం లేకుండా చేసి ఇంగ్లీషువాళ్లమైన మనం భారతీయులను ఎంతగా కుంగదీస్తున్నామంటే మన చట్టాలూ బడి పుస్తకాలూ కలిసినా అంతగా పైకెత్తలేవన్నాడు. పేరు కోసం రాసేవాడు పైవాళ్లకు ఇంత చేదు నిజం రాయడు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది 1824 డిసెంబరు 31న గవర్నరుగా రాసిన మినిట్, అంటే ప్రభుత్వ రికార్డు కోసం రాసిన అభిప్రాయ పత్రం. రేపు బ్రిటన్‌నే పరాయివాళ్లు జయించి, అక్కడి ప్రజలను గౌరవప్రదమైన ప్రతి కొలువుకూ దూరం చేసి, నమ్మదగనివాళ్లుగా చూస్తే, వాళ్ల విద్య ఎంత ఉన్నా ఒకటి రెండు తరాల్లో వాళ్లూ నీచబుద్ధి, మోసం అలవాటైన జాతిగా మారతారని ఆయన అందులో వాదించాడు.

దానికి ఒకటి రెండు తరాలు కూడా అక్కర్లేదని నేను కళ్లారా చూశాను. మా తాలూకా కచేరీలో ఒక పెద్దాయన ఉండేవారు. ఫిర్కాలో (తాలూకాలో కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగంలో) ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలవుతుందో, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు ఉందో కాగితం చూడకుండా చెప్పేవారు. ఒక హద్దు తగాదాలో మండుటెండలో గొలుసు పట్టించి, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకలు మోకాలి మీద పరుచుకుని, కనబడకుండా పోయిన హద్దురాయి ఎక్కడ ఉండాలో తేల్చి, రైతులిద్దరినీ ఒప్పించి, పంచనామా మీద ఒకరి సంతకం, మరొకరి వేలిముద్ర తీసుకున్నారు. కొత్తగా వచ్చిన అధికారి ఆ నివేదికను చదవనైనా చదవకుండా, కింది సిబ్బంది మాట నమ్మలేమని రాసి తిప్పి పంపారు. ఆ తర్వాత ఆ పెద్దాయన ఏ ఫైలు వచ్చినా "తగు ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది" అని ఒక్క పంక్తి రాసి పైకి తోసేసేవారు. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, "నమ్మనివాళ్లకు మన తెలివెందుకు నాయనా" అన్నారు.

మన్రోకు ఈ సంగతి తెలిసింది పుస్తకాల వల్ల కాదు. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతం) ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఏటా గుడారాలు వేసుకుని తిరుగుతూ కరణాలు, తహసీల్దార్లు, సిరస్తాదార్ల పనితనాన్ని దగ్గర నుంచి చూశాడు. మా సీమవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నాం, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారని, కడప జిల్లా గండిలో మామూలు కళ్లకు కనబడని బంగారు తోరణం ఆయనకు కనిపించిందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడని తలుచుకుంటాం. ఆయన రాసిన ఒక్క లేఖనైనా పిల్లలతో చదివించం.

అలాగని ఆయనను స్వేచ్ఛావాది అనను. పాళెగాళ్లను కనికరం లేకుండా అణచాడు, 1822లో పత్రికాస్వేచ్ఛను గట్టిగా వ్యతిరేకించాడు, పై అధికారం ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉండాలనుకున్నాడు. కొలువుల విషయంలో మాత్రం ఆయన చెప్పిందే నిజమైంది. మతం, పుట్టుక, రంగు కారణంగా ఎవరూ ఉద్యోగానికి అనర్హులు కారని 1833 చార్టర్ చట్టం ప్రకటించినా, సివిల్ సర్వీసు పరీక్షలో తొలి భారతీయుడిగా సత్యేంద్రనాథ్ టాగూర్ నెగ్గింది 1863లో. ఆ ముప్పై ఏళ్ల జాప్యానికి బాధ్యులు మన్రో లేఖలు అందుకున్నవాళ్ల తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు.