కొత్తగా ఎంపీ అయిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

అర్జీలు పట్టుకొచ్చే జనంతో మీ ఇంటి వసారా నిండిపోతున్నదని నాన్న చెప్పారు. ఎంపీల కార్యాలయాల్లో ఉత్తరాలు రాస్తూ, ఫైళ్ల వెంట తిరుగుతూ ఉద్యోగజీవితమంతా గడిపినవాణ్ణి కనుక, నియోజకవర్గ సమస్యల మీద పోరాడాలన్న నీ పట్టుదల విని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వచ్చిన ప్రతి అర్జీనీ తీసుకో. పోరాటానికి మాత్రం మూడు నాలుగు సమస్యలనే ఎంచుకో. ఎంచుకునే ముందు అవి ఎవరి పరిధిలోనివో తేల్చుకో. రైల్వే, జాతీయ రహదారులు, తపాలా, టెలికాం కేంద్రానివి. పోలీసు, ప్రభుత్వాసుపత్రులు, ఊరి రోడ్లు రాష్ట్రానివి. రాష్ట్రం చేయవలసిన పనిని లోక్‌సభలో ఎంత గట్టిగా అడిగినా, అది రాష్ట్ర పరిధిలోని అంశమన్న ఒక్క వాక్యంతో జవాబు ముగిసిపోతుంది. మన దగ్గర ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి కదా, ఆ ఏడుగురు ఎమ్మెల్యేలలో వేరే పార్టీవారు ఉన్నా సరే, అలాంటి పనులకు వారిని ముందు నిలబెట్టి నువ్వు వెనుక ఉండు.

రెండు ప్రభుత్వాల మధ్య నలిగే పనులే అన్నిటికన్నా కష్టం. రైల్వే గేటు దగ్గర వంతెన సంగతే చూడు. రోజుకు నడిచే రైళ్ల సంఖ్యను గేటు దాటే వాహనాల యూనిట్లతో (వాహనం రకాన్ని బట్టి కట్టే లెక్క) హెచ్చవేస్తే వచ్చే అంకెను టీవీయూ అంటారు. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకొని వంతెన కట్టడమన్నది చాలాకాలంగా ఉన్న ప్రాతిపదిక. అరవై రైళ్లు నడిచే చోట 1,700 యూనిట్ల వాహనాలు గేటు దాటితే లక్షా రెండు వేలు అవుతుంది. చాలా గేట్ల దగ్గర పాత లెక్కే ఫైల్లో ఉండిపోతుంది కనుక, వంతెన అడగడానికి ముందు కొత్త లెక్కింపు అడుగు. ఆ తరువాత డ్రాయింగుకు ఇరుపక్షాల ఆమోదం, రాష్ట్రం చేయవలసిన భూసేకరణ, టెండరు, ఇలా పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిసినప్పుడే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

సభలో చేతికొచ్చే సాధనాలలో, స్థానిక సమస్యకు నక్షత్ర గుర్తు లేని ప్రశ్నే, అంటే మంత్రి రాతలో జవాబిచ్చే ప్రశ్నే, మేలైనదని నా అభిప్రాయం. మంత్రి సభలో లేచి జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు ఇరవయ్యే ఉంటాయి, వాటిలోనూ నోటిమాటగా జవాబు చెప్పేవరకు వచ్చేవి కొన్నే. రాతపూర్వక జవాబుకు రోజుకు 230 ప్రశ్నలు తీసుకుంటారు. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వంతెన ఎప్పుడు కడతారని అడిగితే వీలైనంత త్వరలో అంటారు; డ్రాయింగు ఏ తేదీన ఆమోదం పొందింది, భూమికి ఎంత సొమ్ము జమ అయింది అని అడిగితే తేదీ, అంకె ఇవ్వక తప్పదు. పరిశీలిస్తామని మంత్రి సభలో అంటే చాలాసార్లు అది హామీల కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చవలసిన ఆ హామీల మీద ప్రత్యేక కమిటీ నిఘా ఉంటుంది. ఆ మాట వచ్చిన తేదీని రాసిపెట్టుకో. ప్రశ్నగా కాక సమస్యను సభ దృష్టికి తెచ్చేందుకు 377వ నిబంధన కింద ఇచ్చే రాతప్రతి 250 పదాలు మించకూడదు కాబట్టి ఒక్క సమస్యనే రాయి.

ఎంపీ నిధులు ఏడాదికి ఐదు కోట్లు. ఏడు నియోజకవర్గాలకు పంచితే తలా డెబ్భై ఒక్క లక్షలు, అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు. నువ్వు సిఫారసు మాత్రమే చేస్తావు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. కాబట్టి ఆ డబ్బుతో పెద్ద సమస్యలు తీరతాయని ఎవరికీ మాట ఇవ్వకు. దానికన్నా, జిల్లాలో కేంద్ర పథకాల అమలును సమీక్షించే దిశ కమిటీ సమావేశాన్ని, మూడు నెలలకొకసారి జరగవలసినదాన్ని, వదలకుండా జరిపించు. జిల్లాలో నీకన్నా సీనియర్ లోక్‌సభ ఎంపీ ఉంటే అధ్యక్షత వారిది, నువ్వు సహాధ్యక్షురాలివి. అయినా కిందటి సమావేశపు తీర్మానాలు ఏమయ్యాయని మొదట అడగవలసింది నువ్వే.

మంత్రి ఇచ్చిన ప్రతి జవాబునూ, అది నీకు అనుకూలంగా లేకపోయినా, తెలుగులోకి మార్పించి ఆయా ఊళ్ల పంచాయతీ కార్యాలయాల దగ్గర అంటించు. పని ఎక్కడ ఆగిందో ఊరివారికి తెలిస్తే, తరువాతి అర్జీని, పని ఆగిన చోటి అధికారి పేరు మీదే వారే రాసుకొస్తారు.

ఆశీస్సులతో,
బాబాయి